కారు తాళపుచెవి – ఇంజను కంప్యూటరు

మోటారుకారు తాళపుచెవి పోయినచో ఏమి చేయవలెను? ముప్పది సంవత్సరముల క్రిందట ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా నుండెను. బజారు మలుపున చిన్న పెట్టె ముందుంచుకొని, గుత్తులు గుత్తులుగా తాళపుచెవులు వ్రేలాడదీసికొని కూర్చుండువానిని పిలిచెడివారము. అతడు ఇత్తడిముక్కను ఆకురాయితో రాచి, తాళమున పెట్టి చూచి, మరల రాచి, అరగంటలో పని ముగించి పోయెడివాడు. ఇంజను కదలనిచో మెకానిక్కు వచ్చి ప్లగ్గులు తుడిచి, పాయింట్లు సరిచేసి, బండిని నలుగురిచేత త్రోయించి నడిపించెడివాడు.

నేడు అరువది డెబ్బది లక్షల రూపాయలు వెచ్చించి కొన్న జర్మను కారు విషయమున ఈ రెండు పనులును ఇట్లు జరుగవు. ఇత్తడిముక్క ఎంత నేర్పుతో చెక్కినను ఇంజను పలుకదు. ఇంజనును నడపు కంప్యూటరు చెడినచో, అదే జాతి కారునుండి అచ్చముగా అట్టిదానినే తెచ్చి బిగించినను కారు కదలదు. సొమ్ము పెట్టినవాడు, పత్రములన్నియు తన పేర నున్నవాడు, తన వాకిట నిలిచియున్న బండిని తాను నడపలేక చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చుచున్నది. ఇది ఏల ఇట్లైనది, ఇట్టి సంకటము వచ్చినపుడు గృహస్థు చేయదగినదేమి, అను విషయములను నేడు విచారింతము.

ముందుగా ఇంజను కంప్యూటరు సంగతి. పూర్వము పెట్రోలును గాలితో కలుపు పనిని కార్బురేటరును, నిప్పురవ్వను వేళకు పంపు పనిని డిస్ట్రిబ్యూటరును చేయుచుండెడివి. 1979లో బాష్ సంస్థవారి మోట్రానిక్ అను సాధనమును బి.ఎం.డబ్ల్యు. వారు తమ 732ఐ అను కారులో అమర్చిరి. ఇంధనము, నిప్పురవ్వ, ఈ రెండింటిని ఒకే గణకయంత్రము ఏలుట దానితో ఆరంభమైనది. నేడు ఆ పెట్టె పుస్తకమంత యుండును. మన మెకానిక్కులు దీనిని ఈ.సి.ఎం. అనియో, ఈ.సి.యు. అనియో పిలుచుచున్నారు. గాలి ఎంత వచ్చుచున్నది, ఇంజను ఎంత వేడెక్కినది, కాలిక్రింది పెడలు ఎంత నొక్కబడినది, ఇవన్నియు తెలిసికొని, ఎంత ఇంధనము ఏ క్షణమున చిమ్మవలెనో అది నిర్ణయించును. కారులో ఇట్టి పెట్టెలు ఇంకను అనేకము లుండును. అవన్నియు రెండు సన్నని తీగలమీద ఒకదానితో నొకటి మాటలాడుకొనును. ఈ సంభాషణపద్ధతిని గూడ బాష్ వారే 1986లో వెలువరించిరి, దానిపేరు క్యాన్.

ఇక దొంగల సంగతి. 1990 తరువాత ఐరోపాలో తూర్పు సరిహద్దులు తెరచుకొనగా, జర్మనీలో విలువైన కార్లు రాత్రికి రాత్రి మాయమగుట హెచ్చినది. బీమా సంస్థలు గగ్గోలు పెట్టినవి. తాళమును పగులగొట్టి, తీగలు కలిపి ఇంజనును నడుపుట దొంగలకు వెన్నతో పెట్టిన విద్య కదా! కావున ఇంజను కంప్యూటరే, ఎదుట నున్నది అసలు తాళపుచెవియా కాదా యని పరీక్షించి, కానిచో ఇంధనము నిలిపివేయునట్లు ఏర్పాటు చేసిరి. దీనికే ఇమ్మొబిలైజరు అని పేరు. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1986లోనే కార్వెట్ కారు తాళపుచెవిలో చిన్న విద్యున్నిరోధకమును పొదిగి ఇట్టి ప్రయత్నము చేసియుండిరి. కాని ఆ నిరోధకములలో పదునైదు రకములు మాత్రమే యుండుటచేత, ఓపిక గల దొంగకు అది పెద్ద అడ్డు కాలేదు. ఐరోపా కూటమి 1998 అక్టోబరునుండి క్రొత్తకార్లన్నింటికి ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజరు ఉండితీరవలెనని విధించినది.

ఫలితము కలిగినదా? కలిగినది. నెదర్లాండ్సు దేశపు లెక్కలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన వ్యాసమున, ఈ సాధనమువలన కారు దొంగతనములు సుమారు 40 శాతము తగ్గినట్లు తేల్చిరి. దీనికి ప్రతికూలమైన నిదర్శనము అమెరికాలో దొరకినది. అచ్చట 2015 నమూనా కార్లలో, ఇతర సంస్థల వానికి 96 శాతమునకు ఇమ్మొబిలైజరు ఉండగా, హ్యుందాయి, కియా సంస్థల వానిలో 26 శాతమునకే ఉండెను. 2021 తరువాత ఆ కార్లను కుర్రవాండ్రు ఆటగా దొంగిలించుట దేశమంతట ఒక ఉపద్రవమైనది. కావున ఈ కట్టుదిట్టములన్నియు కంపెనీల లాభముకొరకే యని తీసివేయుట న్యాయము గాదు. అట్లని లాభము లేదనియు చెప్పజాలము. ఆ మాట తరువాత.

ఈ తాళపుచెవి ఎట్లు పనిచేయునో రేడియో శ్రోతలకు చెప్పుట మిక్కిలి సులభము. మన పెద్దలలో కొందరు బాల్యమున క్రిస్టల్ సెట్టు చేసికొనియుందురు. దానికి బ్యాటరీ లేదు. ఆకాశమునుండి వచ్చు తరంగములోని శక్తినే గ్రహించి అది చెవిలో గుసగుసలాడెడిది. తాళపుచెవి తలలో బియ్యపుగింజకు కొంచెము పెద్దదైన ఒక గాజుగొట్టమో, నల్లని చిన్న బిళ్ళయో యుండును. దానికిని బ్యాటరీతో పని లేదు. తాళము చుట్టునున్న తీగచుట్టనుండి 125 కిలోహెర్ట్‌జుల తరంగము వెలువడును. హైదరాబాదు కేంద్రము మధ్యతరంగములపై 738 కిలోహెర్ట్‌జుల మీద వినిపించిన సంగతి శ్రోతలు ఎరుగుదురు. ఇది దానిలో ఆరవవంతు. ఆ తరంగముయొక్క శక్తితోనే బిళ్ళ మేలుకొని బదులు పలుకును. తలుపులు తెరచు మీటకు మాత్రము నాణెమువంటి బ్యాటరీ కావలెను. అది నీరసించినచో తలుపు తెరచుకొనదు గాని, చాల కార్లలో ఇంజను నడచుటకు దానివలన ఆటంకము లేదు. ఈ భేదము తెలియక, బ్యాటరీ అయిపోయిన తాళపుచెవిని చెడిపోయినదని పారవేసినవారు లేకపోలేదు.

బిళ్ళ తన పేరు చెప్పి ఊరకుండినచో ఆ పేరును దొంగ వినగలడు, తిరిగి చెప్పగలడు. అందువలన కారు ప్రతిసారియు ఒక క్రొత్త సంఖ్యను ప్రశ్నగా వేయును. తాళపుచెవియు, కారును మాత్రమే యెరిగిన రహస్యసంఖ్యతో దానిని మేళవించి బిళ్ళ ఉత్తరము చెప్పవలెను. రహస్యము బయటికి రాదు, ఉత్తరము మాత్రమే వచ్చును. రేపటి ప్రశ్న వేరు గనుక నేటి ఉత్తరము రేపు చెల్లదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు వారి ఒక బిళ్ళలో ఈ రహస్యము 40 ద్విసంఖ్యల పొడవు గలది, అనగా లక్షా పదివేల కోట్ల తెరగుల కలయికలు. ఇంతయున్నను, 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారును, ఆర్.ఎస్.ఏ. ప్రయోగశాలవారును కలిసి, పదునారు చిన్న గణకములను జోడించి, గంటలోపల ఆ రహస్యమును ఛేదించి చూపిరి. అటుపిమ్మట రహస్యముల పొడవు పెరిగినది. కోట గోడ ఎత్తు పెంచిన కొలది నిచ్చెన ఎత్తును పెరుగుచునే యున్నది.

ఇప్పుడు రెండు జర్మను సంస్థల పద్ధతి చూతము. బి.ఎం.డబ్ల్యు. వారు 1995 ప్రాంతమున ఇ.డబ్ల్యు.ఎస్. అను పెట్టెను ప్రవేశపెట్టిరి. ఆ పెట్టెలో పది తాళపుచెవులకు చోటు కలదు. తాళపుచెవి సరియైనదని తేలిన పిమ్మట ఈ పెట్టె ఇంజను కంప్యూటరునకు మారుచుండు సంకేతము నొకదానిని పంపును. ఆ రెండింటికి లెక్క తప్పినదా, తాళపుచెవి అసలుదే అయినను ఇంజను లేవదు. ఉపకరణముతో రెండింటిని మరల ఒకే లెక్కకు తేవలెను. 2001లో వెలువడిన 7 సీరీస్ కారునుండి ఈ పనిని క్యాస్ అను మరియొక పెట్టె వహించినది. మెర్సిడిస్ బెంజి వారి పద్ధతి వేరు. 1990ల చివరినుండి వారు లోహపుపలుకు లేని ఎలక్ట్రానిక్ తాళపుచెవిని వాడిరి. దానిని డాష్‌బోర్డులోని పెట్టెలో దూర్చినపుడు ఆ రెండును కంటికి కనబడని పరారుణకాంతితో మాటలాడుకొనును. పిదప ఆ పెట్టె స్టీరింగు తాళమును విడిపించి, ఇంజను కంప్యూటరునకు అనుమతి నిచ్చును. ఈ వరుసలో నే ఒక్కటి పలుకకున్నను మిగిలినవి మౌనము వహించును. కొన్ని మెర్సిడిస్ కార్లలో స్టీరింగు తాళపు చిన్న మోటారు అరిగిపోయి, తాళపుచెవి తిరుగక, యజమాని తాళపుచెవినే శంకించి క్రొత్తదానికై పరుగెత్తిన సందర్భములు చాల గలవు. ఎనుబోతు ఈనినదన్నంతనే దూడను కట్టివేయకుండుట ఇచ్చట అవసరము.

ఇంజను కంప్యూటరు తనంత తాను చెడుట అరుదు. సాధారణముగా దానిని చెరచునది నీరు. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను కార్లు కిటికీలదాక మునిగిన దృశ్యములు మరువరానివి. నీటిలో మునిగిన పెట్టెకు అప్పటికప్పుడు ప్రమాదము తక్కువ. నీరుండగా విద్యుత్తు ప్రవహించినచో లోపలి రాగిగీతలు గంటలలో తినివేయబడును. మా యెరుకలోని ఒక గృహస్థు వరద తీసిన మరునాడు, నడచునో లేదో చూతమని మీట నొక్కెను. అప్పటివరకు బ్రతికియున్న కంప్యూటరు ఆ నొక్కుతో చచ్చెను. మునిగిన కారు మీట నొక్కరాదు. మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విడదీయించి, బండిని లాగించుకొనియే పోవలెను. ఇంజనులోనికి నీరు చొచ్చియుండిన, నొక్కుటవలన లోపలి కడ్డీలు వంగు ప్రమాదమును గలదు.

వరద రానక్కరలేదు, వేపాకు చాలును. ముందరి అద్దముక్రింద వాననీరు దిగిపోవుటకు చిన్న కన్నము లుండును. చెట్టుక్రింద నిలిపిన కారులో ఆకులురాలి ఆ కన్నములు పూడుకొనినచో, నీరు నిలిచి, పెట్టెలున్న గదిలోనికో, కాళ్ళక్రింది పరుపు లోనికో దిగును. కొన్ని ఆడీ, వోక్స్‌వాగన్ కార్లలో తలుపుల తాళములు నడపు పెట్టెను సరిగా ఆ పరుపుక్రిందనే అమర్చిరి. ఇంత బుద్ధిమంతులు ఆ పని ఏల చేసిరో మాకు బోధపడదు. వానకాలమునకు ముందు డ్రైవరుచేత ఆ ఆకులు తీయించుటకు ఖర్చు లేదు.

కంప్యూటరు చెడినదని వర్క్‌షాపువారు చెప్పినపుడు, ఎట్లు తెలిసినదని అడుగవలెను. బ్యాటరీ వోల్టేజి చూచితిరా? ఫ్యూజులు, రిలేలు చూచితిరా? పెట్టెకు విద్యుత్తును, భూమితీగయు సరిగా అందుచున్నవా? ఈ మూడు ప్రశ్నలకు సూటియైన ఉత్తరము రానిచో, మరియొక చోట చూపించుట మంచిది. ఇంజను కంప్యూటరు ఒక్కదానికే లక్ష రూపాయలు దాటుట వింత గాదు. అంత సొమ్ము పోసి మార్చిన పిమ్మట, ఎలుక కొరికిన తీగ ఒకటి బయటపడినచో సొమ్ము తిరిగి రాదు.

నిజముగా మార్చవలసి వచ్చినపుడు మూడు మార్గములు గలవు. మొదటిది, సంస్థనుండి క్రొత్త పెట్టె తెప్పించుట. అది శూన్యమైన మనస్సుతో వచ్చును. కారుయొక్క 17 అక్షరముల చాసిస్ సంఖ్యను, రహస్యమును దానికి నేర్పవలెను. నేటి కార్లకు ఈ పని జర్మనీలోని సంస్థ కంప్యూటరుతో సంధానము పెట్టుకొనియే సాగును. ఒకసారి నేర్చినది అది మరువదు; ఇదియే చిక్కు. రెండవది, విరిచిన కార్ల అంగడిలో దొరకు పాత పెట్టె. అది వేరొక కారునకు ప్రమాణము చేసియున్నది. సంస్థవారి ఉపకరణము ఆ ప్రమాణమును రద్దు చేయుటకు అంగీకరింపదు. ‘అదే నంబరు, అదే రంగు’ అని అమ్మకపువాడు చెప్పు మాట నిజమే. అయినను కారు లేవదు. మూడవది, చచ్చిన పెట్టె జ్ఞాపకమును చదివి, అదే నంబరుగల వేరొక పెట్టెలోనికి అక్షరాల దించుట. పలక కాలిపోయినను, ఎనిమిది కాళ్ళ చిన్న జ్ఞాపకబిళ్ళ బ్రతికియుండుట తరచుగా జరుగును. నేర్పరియైన పనివాడు దానిని ఊడదీసి చదువును. పాత పెట్టె మారినదని కారునకు తెలియనే తెలియదు. పది పదునైదు ఏండ్ల వయస్సు గల కార్లకు మా దృష్టిలో ఇదియే యుక్తమైన మార్గము. కాని మెర్సిడిస్ వారు 2013 ప్రాంతమునుండి వాడుచున్న క్రొత్త రక్షణపద్ధతివంటివాటికి ఇది సులభముగా లొంగదు. ఏ మార్గమైనను, చచ్చిన పెట్టెను వర్క్‌షాపులో వదలి రాకుడు. అందులోని జ్ఞాపకము మీది.

మరియొక్క జాగ్రత్త. పెట్టెకు పాఠము చెప్పుచుండగా బ్యాటరీ నీరసించినచో, పాఠము నడుమ ఆగి పెట్టె శాశ్వతముగా మూగబోవచ్చును. అందువలన తెలిసినవారు ఆ పనికి ముందు స్థిరమైన విద్యుత్తునిచ్చు యంత్రమును బ్యాటరీకి తగిలింతురు. అది తగిలింపక ల్యాప్‌టాపు తెరచువానిని అక్కడనే ఆపవచ్చును.

తాళపుచెవి విషయము. రెండింటిలో ఒకటి పోయినచో చాలమంది రెండవది ఉన్నది కదా యని ఊరకుందురు. ఇది పెద్ద పొరపాటు. ఒకటి యుండగా రెండవది చేయించుట ఖర్చుతో పోవును. అదియు పోయినచో కారును లాగించుకొని పోవలెను, కొన్ని కార్లకు పెట్టెలే మార్చవలెను. పోయిన తాళపుచెవిని కారు జాబితాలో రద్దు చేయించుట మరువరాదు. రద్దైన తాళపుచెవి దొరకినవాడు తలుపు తెరువగలడేమో గాని ఇంజనును లేపలేడు. మెర్సిడిస్ తాళపుచెవి ఖాళీగా బజారున దొరకు వస్తువు గాదు. చాసిస్ సంఖ్యనుబట్టి సంకేతించి పంపబడును. దానికి రిజిస్ట్రేషను పత్రము, గుర్తింపుకార్డు, సాధారణముగా పోలీసు ఫిర్యాదు ప్రతియు చూపవలసియుండును. కారు దొంగిలింపబడినపుడు బీమా సంస్థలును రెండు తాళపుచెవులను చూపుమని అడుగుట వాడుక. రెండవ తాళపుచెవి పోయిన సంగతి ముందే వ్రాతమూలముగా ఉన్నచో అప్పుడు గొడవ తగ్గును.

జేబులో నుండగనే కారును తెరచు తాళపుచెవులకు వేరొక బాధ గలదు. కారు మెల్లగా పిలుచును, తాళపుచెవి సమీపముననున్నచో బదులు చెప్పును. ఇద్దరు దొంగలు చెరియొక యంత్రము పట్టుకొని, ఒకడు కారుచెంత, ఒకడు ఇంటి తలుపుచెంత నిలిచి, ఆ పిలుపును ఇంటిలోనికి, ఆ బదులును వీధిలోనికి మోసిన చాలును. జూరిచ్ నగరపు శాస్త్రజ్ఞులు 2011లో ఎనిమిది సంస్థల పది నమూనాలపై ఈ పద్ధతి పారునని నిరూపించిరి. కొన్ని క్రొత్త తాళపుచెవులు కదలక యున్నపుడు నిద్రించును; మరికొన్ని తరంగము వచ్చిపోవు కాలమును కొలిచి దూరము కనిపెట్టును. అట్టివి లేనివారికి మూత గట్టిగా పట్టు ఇనుపరేకు బిస్కట్ల డబ్బా ఉపాయము. అందులో పెట్టి, కారుచెంతకు తీసికొనిపోయి, తలుపు తెరచుకొనదని చూచుకొనిన పిమ్మట నమ్మవలెను.

ఇక, వదలిపెట్టిన మాటకు వత్తము. ఈ రహస్యముల తాళము సంస్థవారి చేతనే యున్నది. దొంగకు మూసిన తలుపు, వీధిమెకానిక్కునకును, యజమానికిని గూడ మూసికొనినది. మన దేశమున కాంపిటీషన్ కమిషను 2014 ఆగస్టులో పదునాలుగు కారు సంస్థలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. విడిభాగములను, పరీక్షించు ఉపకరణములను బయటి మెకానిక్కులకు అందనీయకుండుట అందులోని ముఖ్యమైన అభియోగము. ఆ తీర్పుపై సంస్థలు పై న్యాయస్థానములకు పోయినవి. 2022లో కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారములశాఖ బాగుచేసికొను హక్కునుగూర్చి ఒక వేదికను తెరచినది. అమెరికాలో పరిశీలించి నమోదు చేసిన తాళపుపనివారికి కారు సంస్థలనుండి తాళపుచెవుల సంకేతములు ఇచ్చు ఏర్పాటు గలదు. ఎవరు, ఎప్పుడు, ఏ కారుకొరకు అడిగిరో వ్రాసియుంచెదరు. ఐరోపాలోను ఇట్టి నమోదుపద్ధతి ఆరంభమైనది. మన పట్టణములలో ఎనిమిదికాళ్ళ బిళ్ళను వేలిగోటిమీద పెట్టి బ్రతికించు యువకులు కొల్లలుగా నున్నారు. వారిని నమోదు చేసి, లెక్క వ్రాయించి, పని చేయనిచ్చుట దొంగకు సహాయము గాదు. చీకటిగదులలో సాగుచున్న పనిని వెలుగులోనికి తెచ్చుట యగును.

చేతులుమారిన జర్మను కారు కొనదలచినవారికి ఒకటి రెండు మాటలు. రెండు తాళపుచెవులును చేతికి వచ్చిన తరువాతనే పూర్తిసొమ్ము ఇచ్చునది. పరీక్షించు యంత్రము తగిలించి, ఇంజను కంప్యూటరులో వ్రాసియున్న చాసిస్ సంఖ్య, కారు ఉక్కుమీద చెక్కిన సంఖ్యయు ఒకటేనా యని చూడుడు. భిన్నమైనచో కారణము అడుగుడు. సబబైన కారణము ఉండవచ్చును, దానికి రశీదును ఉండవలెను. కారు జాబితాలో ఎన్ని తాళపుచెవులున్నవో చదివించి, మీ చేతనున్న రెండు తప్ప మిగిలిన వాటిని ఆనాడే రద్దు చేయించుడు. పరుపు ఎత్తి, క్రింద చేయిపెట్టి చూడుడు. చెమ్మ తగిలినచో బేరము అక్కడనే ఆపుడు.